పొట్టిమిద్దె తిప్పక్క

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, కునికేవాళ్ళు గోడకు ఆనుకోండి. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పేనాటికే పాతబడిన కథ ఇది.

ఒక ఊళ్ళో తిప్పక్క అనే ముసలమ్మ ఉండేది. ఆమెకు పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు, పలకరించే దిక్కు లేదు. ఉన్నదల్లా ఒక మట్టిమిద్దె. బారుగా, ఎత్తు లేకుండా నేలను కరుచుకుని ఉండేది. లోపలికి పోవాలంటే తల వంచాలి. తల వంచడం ఇష్టంలేని పెద్దమనుషులు ఆ గడప తొక్కేవాళ్ళు కాదు. అలాంటివాళ్ళు ఆ ఊళ్ళో దండిగా ఉండేవాళ్ళు.

మిద్దె ఎందుకంత పొట్టిదో చెప్తాను. మట్టిమిద్దె కురవకుండా ఉండాలంటే ఏటా వానలకు ముందు పైన చౌడుమట్టి పరచాలి. తిప్పక్కా ఆమె మొగుడూ ఆ ఊరికి కొత్తగా వలస వచ్చి ఇల్లు కట్టుకునేటప్పుడు, అతను ఆమెను గోడ పక్కన నిలబెట్టి, "చెయ్యెత్తు" అన్నాడట. ఆమె ఎత్తింది. వేలి కొస దగ్గర గీత గీసి, గోడను అక్కడితో ఆపేశాడు.

"రేపు నేను లేకపోయినా నీ మిద్దెకు నువ్వే చౌడు పోసుకోవచ్చు. ఎవురినీ అడగాల్సిన పన్లేదు" అన్నాడట.

అన్నంత పనీ అయింది. ఒక ఏడు చౌడు తేవడానికి గంప పట్టుకుని పోయినవాడు, చౌడుగుంత గట్టు విరిగి మీద పడి అక్కడే పోయాడు. తిప్పక్క ఏడవలేదు. ఊరంతా వింతగా చూసింది. ఆమె రోజూ రెండు కంచాలు కడిగేది, రెండు ముద్దలు చేసేది, రెండో ముద్ద చల్లారిపోయాక తీసి కాకులకు వేసేది. ఏటా తన చేత్తో తానే మిద్దెకు చౌడు పోసేది. అలా పదకొండేళ్ళు గడిచాయి.

అప్పుడు ఆ సీమ పాలెగాడికి ఒక ఆలోచన పుట్టింది. పనీపాటా లేనప్పుడు పాలెగాళ్ళకు ఆలోచనలు పుడతాయి. ఊరి నడుమ బండ్లదారి వేయమన్నాడు. దారికి అడ్డమొచ్చిన ఇళ్ళు కూల్చమన్నాడు. పాత ఇల్లయితే మాత్రం ఉంచి, ముందర రాయి నాటి, కట్టినవాడి పేరు చెక్కమన్నాడు. పేరు లేని ఇంటికి రాయి లేదు. ఇంకేముంది, మూడు రోజుల్లో ఊళ్ళో ప్రతి మొండిగోడకూ ఒక ముత్తాత పుట్టుకొచ్చాడు.

కరణం పొట్టిమిద్దెకూ వచ్చాడు. "ఈ ఇల్లు కట్టిందెవరు తిప్పక్కా?"

"మా ఇంటాయన సామీ."

"ఇంటాయన పేరు?"

తిప్పక్క తల దించుకుంది. మొగుడి పేరు పలకడం ఆ కాలపు ఆడవాళ్ళకు లేదు. పోనీ ఇంకెవరైనా చెప్తారా అంటే, ఊళ్ళో అందరూ అతన్ని పొట్టిమిద్దె ఆయన అనేవాళ్ళు. అసలు పేరు ఎరిగినవాళ్ళు ఎప్పుడో కాటికి పోయారు.

"ఏ దేవుడి పేరో సైగ అన్నా చెయ్యి."

"దేవుడి పేరు కాదు సామీ. వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు."

కరణం వెళ్ళిపోయాడు. మనిషి చెడ్డవాడు కాడు. రెండోసారి వచ్చి మెల్లగా, "ఏదో ఒక పేరు చెప్పు. చెక్కిస్తా. ఎవరడుగుతారు?" అన్నాడు.

"ఇంకొకరి పేరు ఆయన ఇంటికెట్ల పెడతా సామీ?"

"మరి ఆయన పేరే చెప్పు. చచ్చిపోయినవాడి పేరు చెప్తే తప్పేముంది?"

తిప్పక్క రెండో కంచం వైపు చూసింది.

"చౌడు తెచ్చేకి పోయినాడు, వస్తాడు అనుకుంటా ఉండా సామీ. పేరు చెప్తే పోయినాడని నేనే ఒప్పుకున్నట్ల. ఒప్పుకుంటే నాకు ఇంకెవురుండారు?"

కరణం వచ్చిన దారినే తిరిగి పోయాడు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే.

మూడోసారి కరణం వెంట పలుగులూ పారలూ వచ్చాయి. తిప్పక్క తెల్లవారే లేచి, కూలిపోయే మిద్దెకు గంపెడు చౌడు పోసి కిందికి దిగింది. మొదటి పోటుకు గోడలోంచి పెళ్ళ ఊడి పడింది. అది అతను ఆమె వేలి కొస దగ్గర గీసిన గీత ఉన్న చోటు.

తిప్పక్క పరుగున పోయి గోడకు అడ్డంగా నిలబడింది. మొగుడి పేరు పలికింది. పెదవి మాత్రమే కదిలింది, ఎవరికీ వినపడలేదు. మళ్ళీ పలికింది. పలుగు పట్టినవాడు ఆగిపోయాడు. మూడోసారి పలికింది. వీధి వీధంతా విన్నది.

అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. పదకొండేళ్ళ ఏడుపు అది, అంత తొందరగా తెగుతుందా? తల వంచడం ఇష్టంలేని ఆ ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డారు.

రాయి నాటారు. దారి పొట్టిమిద్దెను చుట్టుకుని వంకర పోయింది. తిప్పక్క ఆ పూట నుంచి ఒక్క కంచమే కడిగింది. మరుసటేడు వానలు చూడకుండానే పోయింది.

అతని పేరేంటని నన్ను అడగొద్దు. రాయి మీద ఉంది, పోయి చదువుకోండి. ఆమె అంత కష్టపడి పలికిన పేరును నేను ఊరికే నోట్లో వేసుకోలేను.

ఆ మిద్దెలో ఇప్పుడు ఎవరూ కాపురముండరు. కానీ ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఆడమనిషికి మొగుడు పోయినా, ఏడాది తిరిగేలోపు ఒకసారి అక్కడికి వస్తుంది. తల వంచి లోపలికి పోతుంది. బయట ఉన్నవాళ్ళు దూరంగా జరిగి చెవులు మూసుకుంటారు. ఆమె బతుకులో మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరూ పలకరు. కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంటిదారి పడుతుంది.