హిమదత్తుడి జావ

విధికుడికి ఒక సమస్య వచ్చిపడింది. వానాకాలం వెళ్ళగానే అతనికి పూర్తి దీక్ష ఇస్తారు. దీక్ష తీసుకున్నవాడు గురువును విడిచి, తనకు నచ్చిన దేశం వెళ్ళి, అక్కడే ఉండి సాధన చేసుకోవాలి. ఆ ఆరామంలో అది ఆచారం. రేవులో ఓడలకు కొదవ లేదు. ఏ ఓడ ఎక్కాలన్నదే తేలడం లేదు.

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఓ చిన్న గుట్ట మీద ఉండేది ఆ బౌద్ధారామం. విధికుడు ఓడ వర్తకుడి కొడుకు. తండ్రి వెంట తిరిగి చాలా రేవులు చూశాడు. చూసినవీ విన్నవీ కలిపి చెప్పేవాడు. అందులో ఏది చూసిందో ఏది విన్నదో ఎదుటివాళ్ళకు తెలిసేది కాదు. కొంతకాలానికి అతనికీ తెలియకుండా పోయింది.

ఒకరోజు పొద్దున్నే గురువు నందిసేన స్థవిరుల దగ్గరికి వెళ్ళాడు. ఆయన చిరిగిన కాషాయ చీవరానికి మాసిక వేసుకుంటున్నారు.

"భంతే, మనిషి బతకడానికి అన్నిటికన్నా మంచి దేశం ఏది?"

"నేను చూసినవి తక్కువ నాయనా. హిమదత్తుణ్ణి అడుగు. మనందరిలోకీ దూరం నుంచి వచ్చినవాడు ఆయనే."

గురువుగారు మాట దాటేస్తున్నారనుకున్నాడు విధికుడు. హిమదత్తుణ్ణి అడగాలని అతనికి అనిపించలేదు.

ఉత్తరాన మంచుకొండలకు అవతల ఎక్కడో పుట్టాడు హిమదత్తుడు. వయసులో ఉన్నప్పుడు నడిచి నడిచి ఈ గుట్టకు చేరి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. ఆయన అసలు పేరు వేరు. అది మనవాళ్ళ నోరు తిరగక, మంచు దేశం వాడు కదా అని హిమదత్తుడన్నారు. ఆయన ఆ పేరుకే పలికాడు. ఇప్పుడు ముసలివాడైపోయాడు. ఆ వానాకాలం జ్వరం పట్టుకుని మంచాన పడ్డాడు. గొంతు కూడా పోయింది. పక్కన కూర్చుని చెవి ఒగ్గితే తప్ప ఆయన మాట వినపడేది కాదు.

అంతలో పై ఊరి ఆరామంలో నందిసేనుల పాత సహాధ్యాయి అవసాన దశలో ఉన్నాడని కబురొచ్చింది. వానాకాలంలో భిక్షువులు ఉన్నచోటు కదలకూడదు. ఇలాంటి కబురొస్తే మాత్రం వెళ్ళవచ్చు. పడవ ఎక్కే ముందు ఆయన విధికుణ్ణి పిలిచారు.

"హిమదత్తుడి ప్రాణం ఆ పొద్దుటి జావ మీద నిలబడి ఉంది. వంటశాలలో కాచి ఇస్తారు. నువ్వు తీసుకెళ్ళి చేతికి అందించు. తాగేదాకా దగ్గర కూర్చో."

"అలాగే భంతే."

"చేతికి," అన్నారాయన మళ్ళీ.

అలా రెట్టించడానికి కారణం ఉంది. అక్కడి భిక్షువులు ఎవరైనా తమ చేతుల్లో పెట్టిందే తినాలి. పక్కన పెట్టిపోయినదాన్ని, ఎంత ఆకలి వేసినా సరే, తీసుకోకూడదు. ఇవ్వనిది తీసుకుంటే దొంగతనంతో సమానం. పొద్దు నడినెత్తి దాటితే ఆ రోజుకిక తిండి లేదు. మంచినీళ్ళు ఒక్కటే ఎప్పుడైనా, ఎవరూ ఇవ్వకపోయినా తాగవచ్చు. విధికుడికి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాడు.

మొదటి రోజు విధికుడు అంతా చెప్పినట్టే చేశాడు. హిమదత్తుడి భిక్షాపాత్రలోనే జావ పోయించుకుని వెళ్ళి, ఆయన చేతుల్లో పెట్టి, పక్కన కూర్చున్నాడు. ముసలాయన ఒక్కో గుక్క మింగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇంకో గుక్క. అలా చాలాసేపు పట్టింది. పక్కనున్న సభామండపంలోంచి నవ్వులు వినబడుతుంటే విధికుడికి కాళ్ళు నిలవలేదు.

అతను వెళ్ళేసరికి అక్కడ వాదన మంచి పాకంలో ఉంది. బయట వాన, లోపల పని లేని నోళ్ళు. విధికుడి సమస్య అందరి సమస్య అయి కూర్చుంది. ఏ దేశంలో బతకడం మేలు? పుస్సుడనే మరో శిష్యుడు కళింగానికి కిరీటం పెట్టేసి, ఎదురాడేవాడు లేక కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సర్వసంగాలనూ వదిలేసినవాళ్ళు దేశాలను మాత్రం వదల్లేకపోయారు. ఒకరికి పనసపళ్ళు దొరికే దేశం కావాలి, ఇంకొకరికి దోమలు లేని దేశం. మంచి రాజు ఉంటే చాలదా అని ఒక పెద్దాయన అంటే, మంచి రాజు ఎన్నాళ్ళుంటాడని ఇంకో పెద్దాయన.

తను లేనప్పుడు కళింగం గెలిచిందే అని విధికుడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు జావ పాత్ర పట్టుకుని హిమదత్తుడి గదిలోకి వెళ్ళేసరికి మండపంలో పుస్సుడి గొంతు మొదలైపోయింది. విధికుడు పాత్రను మంచం పక్కన పీట మీద పెట్టాడు. ముసలాయన రెండు చేతులూ కలిపి, దోసిలి విప్పి, అతని వైపు చాచాడు. ఆ చేతులు కొద్దిగా వణుకుతున్నాయి.

తనను దీవిస్తున్నాడనుకున్నాడు విధికుడు. తల వంచి నమస్కరించి, బయటికి పరిగెత్తాడు.

సాయంత్రం వచ్చి చూస్తే జావ అలాగే ఉంది, పైన మీగడలా తెట్టు కట్టి. జ్వరం కదా, సయించలేదు కాబోలు అనుకుని బయట కాకులకు పోసి, పాత్ర కడిగి బోర్లించాడు. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. విధికుడు జావ తీసుకెళ్ళడం ఒక్క పూట కూడా మానలేదు. ముసలాయన చేతులు చాచడమూ మానలేదు. కుండలో నీళ్ళు మాత్రం ముంచుకుని తాగుతూ వచ్చాడు. విధికుడు చూసుకుంటున్నాడు కదా అని మిగతావాళ్ళెవరూ ఆ గది వైపు రాలేదు.

మండపంలో విధికుడికి ఎదురు లేకుండా పోయింది. సింహళాన్ని ఆకాశానికి ఎత్తాడు. కళింగాన్ని ఓడించాడు, చోళదేశాన్ని ఓడించాడు. ఇక ఓడించడానికి దేశాలు చాలక ఉత్తరాది మంచు దేశాల మీద పడ్డాడు. అక్కడి నదుల పేర్లు, కొండదారుల పేర్లు తండ్రి స్నేహితుల దగ్గర విన్నవి ఏకరువు పెట్టాడు.

"అక్కడ బతకడం కూడా ఒక బతుకేనా?" అన్నాడు. "దాహం వేసినవాడు చెంబు వెతుక్కోడు, గొడ్డలి వెతుక్కుంటాడు. నీళ్ళు నరుక్కుని తాగాలి."

మండపం ఘొల్లుమంది. హిమదత్తుడి గదికీ మండపానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ సంగతి నవ్వుతున్నవాళ్ళలో ఎవరికీ గుర్తు రాలేదు.

నందిసేనులు తిరిగివచ్చిన రోజు పొద్దున్నే వాన తెరిపి ఇచ్చింది. విధికుడు పడవ దగ్గరికే ఎదురు వెళ్ళాడు. ముఖం వెలిగిపోతోంది.

"తేలిపోయింది భంతే. సింహళం. అందరూ ఒప్పుకున్నారు."

"హిమదత్తుణ్ణి అడిగావా?"

"ఆయనకు ఒంట్లో బాగాలేదు కదా భంతే."

"జావ తాగుతున్నాడా?"

"రోజూ తీసుకెళ్తూనే ఉన్నాను. ఆయనకే ఆకలి ఉండటం లేదు."

గురువు అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా తిన్నగా వంటశాలకు నడిచారు. జావ పోయించుకుని, విధికుణ్ణి వెంట రమ్మని, హిమదత్తుడి గదిలోకి వెళ్ళారు.

ముసలాయన చిక్కి మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. కళ్ళు మాత్రం కదిలాయి. నందిసేనులు మంచం పక్కన నేల మీద కూర్చుని, పాత్రను ముందుకు చాచారు.

హిమదత్తుడు ఎంతో కష్టపడి రెండు చేతులూ ఎత్తాడు. కలిపి, దోసిలి విప్పాడు. వణుకుతున్న ఆ చేతులను చూడగానే, వెనక నిలబడ్డ విధికుడు అలవాటుగా తల వంచాడు.

గురువు ఆ దోసిట్లో పాత్ర పెట్టారు. బరువు ఆగదేమోనని తన చేతులు కింద ఉంచారు.

ముసలాయన తాగాడు.

విధికుడికి ఆ గుటకలు వినబడుతున్నాయి. వంచిన తల ఎత్తలేకపోయాడు. ఆ దోసిలిని తను ఎన్ని పొద్దుల నుంచి చూస్తున్నాడో, ఎన్నిసార్లు దాని ముందు తల వంచి వెళ్ళిపోయాడో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. గోడ అవతలి నవ్వులు కూడా గుర్తుకొచ్చాయి.

కొంత తాగి ముసలాయన పాత్ర దించాడు. ఏదో చెప్పాలన్నట్టు పెదవులు కదిపాడు. నందిసేనులు వంగి చెవి ఒగ్గారు. చాలాసేపు విన్నారు. మధ్యలో ఒకసారి నవ్వారు. లేచేటప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ రాత్రంతా గురువు అక్కడే కూర్చున్నారు. విధికుడు గుమ్మం బయట కూర్చున్నాడు. లోపలికి రమ్మని గురువు పిలవలేదు. వద్దని కూడా అనలేదు. అతనే వెళ్ళలేకపోయాడు. వెళ్ళి ఆ ముసలాయన కాళ్ళు పట్టుకోవాలని చాలాసార్లు లేచి, మళ్ళీ కూలబడ్డాడు. పొద్దున్నే వెళ్తాను, జావ నేనే అందిస్తాను, అప్పుడు అడుగుతాను క్షమించమని, అనుకున్నాడు.

తెల్లవారుతుండగా వంటశాలకు వెళ్ళి, పొయ్యి దగ్గరే నిలబడి జావ కాయించాడు. రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నందిసేనులు ఎదురయ్యారు. పక్కకు జరిగి దారి ఇచ్చారు.

హిమదత్తుడి చేతులు గుండెల మీద పెట్టి ఉన్నాయి. ఇక అవి ముందుకు రావు.

దహనమయ్యాక భిక్షువులందరూ మండపంలో కూడారు. పోయినవాడి చీవరమూ పాత్రా అతనికి చివరి దాకా సేవ చేసినవాడికి ఇవ్వాలి. అదీ అక్కడి ఆచారమే. నందిసేనులు వాటిని ముందు పెట్టుకుని అడిగారు.

"రోగిని చూసుకున్నది ఎవరు?"

"విధికుడు," అన్నారు అందరూ. వాళ్ళకు తెలిసింది అదే మరి. "ఒక్క పూట కూడా మానలేదు," అని పుస్సుడు మెచ్చుకోలుగా అన్నాడు కూడా.

విధికుడు లేచాడు. వచ్చినప్పటి నుంచీ ఆ మండపంలో అతను మాట కోసం తడుముకోవడం అదే మొదటిసారి.

"నాకు వద్దు భంతే," అన్నాడు చివరికి. "నేను చూసుకోలేదు. పక్కన పెట్టి వచ్చేశాను. రోజూ. ఆయన చేతులు చాచితే దీవిస్తున్నాడనుకున్నాను."

ఆ మాటకు అర్థం అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కొందరు గోడ వైపు చూశారు. పుస్సుడు తల దించుకున్నాడు.

నందిసేనులు పాత్రను రెండు చేతులతో ఎత్తి విధికుడి ముందు పట్టుకున్నారు. అతను తీసుకోలేదు. ఆయన దించలేదు. ఆయన ముసలి చేతులు వణకడం మొదలయ్యాక విధికుడు దోసిలి చాచాడు.

వానలు వెళ్ళాయి. దీక్ష అయింది. సింహళం వెళ్ళే ఓడ రేవులో తెరచాపలు సరిచూసుకుంటోంది. విధికుడు గురువు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ పాత్రే ఉంది. రోజూ అందులోనే తింటున్నాడు.

"ఓడ వచ్చినట్టుందే," అన్నారు గురువు.

"చూశాను భంతే."

విధికుడు గురువు ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఆయన మీ చెవిలో ఏం చెప్పాడు భంతే? నన్ను తిట్టాడా?"

"లేదు. నువ్వు మంచు దేశం గురించి మాట్లాడటం గోడ అవతల నుంచి విన్నాడట. నదుల పేర్లన్నీ సరిగ్గా చెప్పావట. ఇన్నేళ్ళకు మా ఊరి పక్క నది పేరు ఇంకొకరి నోట విన్నాను అన్నాడు."

విధికుడు పాత్రను గుండెలకు అదుముకున్నాడు.

"ఒక్కచోట తప్పు చెప్పావట. నీళ్ళకు గొడ్డలి అక్కర్లేదట. రాయి పెట్టి కొడితే చాలునట. కుర్రాడికి చెప్పు, లేకపోతే రేపు ఎవరి ముందైనా మాట పోతుంది అన్నాడు."

ఆ మాటకు విధికుడికి దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నందిసేనులు ఓదార్చలేదు. రేవులో ఓడవాళ్ళ కేకలు గుట్ట మీదికి వినబడుతున్నాయి.

కాసేపటికి విధికుడు ముఖం తుడుచుకున్నాడు.

"ఆయన్ని అడగమన్నారు. నేను అడగలేదు. ఏ దేశం మంచిదో మీతోనైనా ఎప్పుడన్నా చెప్పాడా భంతే?"

"చెప్పాడు. ఇదే అన్నాడు."

"ఇదా?" విధికుడు నమ్మలేనట్టు చూశాడు. "ఎప్పుడు భంతే?"

"పాత్ర చేతికి అందాక," అన్నారు గురువు.