తుప్పు పడితే చెప్పమన్నారు

తెలివంటే తమదే అనుకునేవాళ్ళు గవర్రాజు, అతని భార్య నూకాలు, ఆమె తమ్ముడు పోలయ్య. మరి ముగ్గురూ పనిచేసేది మామూలు చోటా? విరిగిన ఎముకలకు డాక్టర్లు లోపల బిగించే స్టీలు పట్టీలు తుప్పు పడతాయో లేదో తేల్చే పరీక్షశాలలో! "చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మనకే చెల్లింది" అని నూకాలు మురిసిపోయేది.

ఒకరోజు అక్కడి పెద్ద మంగతాయారు మేడం టౌనుకి బయలుదేరుతూ, గాజు జాడీలో ఉప్పునీళ్ళల్లో వేలాడుతున్న పట్టీని చూపించింది.

"ఇది మనిషి ఒంట్లో ఉన్నట్టే ఉండాలి. నీళ్ళకు ఒంటివేడి తగ్గకూడదు. తుప్పు పడితే వెంటనే చెప్పండి. చెయ్యి మాత్రం పెట్టకండి. ఇది చెడిందా, నెలల పని మళ్ళీ మొదటికొస్తుంది. అవతల కాళ్ళు విరిగినవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి మేడం" అన్నాడు గవర్రాజు.

ఆవిడ అటు వెళ్ళగానే పోలయ్యకు దిగులు పట్టుకుంది. "అక్కా, తుప్పు పడితే పాపం దెబ్బ తగలదూ?"

అంతే! పరుపు తెచ్చి జాడీ కింద వేశారు. మెత్తటి పరుపు మీద జాడీ నిలుస్తుందా? ఒరిగింది.

"ఒరే, చెయ్యి పెట్టకు!" అని అరిచింది నూకాలు. పోలయ్య కాలు పెట్టి ఆపాడు. జాడీ ఆగింది గానీ, నీళ్ళను వెచ్చగా ఉంచే హీటరు తీగ ఊడింది. నీళ్ళు చల్లబడ్డాయి.

"ఒంటివేడేగా కావాలి!" అని గవర్రాజు చొక్కా విప్పి, జాడీకి పొట్ట ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి అతనికే వణుకు పుట్టింది.

"బావా, ఒంట్లో ఉన్నట్టే ఉండాలన్నారు. పొద్దుటి నుంచి దాని ఒంట్లోకి ఏమీ పోలేదే!" అన్నాడు పోలయ్య.

"అయ్యో, పస్తుంచేశాం!" అని నూకాలు నొచ్చుకుంది. ఇంకేముంది! గోంగూర పచ్చడి కలిపిన అన్నం, వెనకాలే మజ్జిగ, అరగడానికి సోడా, అన్నీ జాడీలోకే. నీళ్ళు బుసబుసా పొంగాయి.

"త్రేన్చింది! కడుపు నిండింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే మేడం వచ్చింది. గోంగూర కింద పట్టీ కనబడలేదు. "తుప్పు... పడిందా?" అంది నీరసంగా.

"పడనిస్తామా మేడం? పరుపు కూడా వేశాం!" అన్నాడు పోలయ్య.

ఆవిడ తల పట్టుకుని కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తుప్పు పట్టీకి కాదు, మీ బుర్రలకు పట్టింది!"

ముగ్గురూ తలలు తడుముకున్నారు. బుర్రకు తుప్పంటే మాటలా! పక్కగదిలోకి పరుగెత్తి, తొట్టి నిండా ఉప్పునీళ్ళు కలిపి, తలలు ముంచారు. ఊపిరాడక లేచి, భూతద్దం పెట్టి ఒకరి నెత్తి ఒకరు వెతుక్కున్నారు.

మేడం వచ్చి చూసేసరికి ముగ్గురి నుదుళ్ళ మీదా పరీక్ష నెగ్గిన సరుకుకు అంటించే చీటీలు తళతళలాడుతున్నాయి.

"ఎక్కడా తుప్పు లేదు మేడం" అన్నాడు గవర్రాజు నీళ్ళోడుతూ. "ఈ బుర్రలు ఇక ఎవరికైనా బిగించుకోవచ్చు!"