కారు కప్పు మీద సుద్ద గీత

మస్తాన్ మాస్టారిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డుకి కార్ల కరెంటు పని నేర్చుకుందామని వచ్చినవాళ్లకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. లిఖితకి ఆరు నెలలైనా తెలియలేదు. ఇంజనీరింగు పాసై, రెండేళ్లు ఉద్యోగాల పరీక్షలు రాసి రాసి విసిగి, ఇంట్లో అందరితో వాదించి ఇక్కడ చేరిన పిల్ల. అడిగినదానికి సూటిగా జవాబు రావాలనుకునే రకం.

ముందురోజు ఆమె మొదటిసారి తనంతట తానే ఒక కారు రూఫ్ లైటు మార్చింది. వెలిగిన లైటుని ఫొటో తీసి ఫోన్‌లో స్టేటస్ పెట్టుకుంది. మేనత్త కొడుకు చూసి, "నాలుగేళ్లు ఇంజనీరింగు చదివింది బల్బులు మార్చటానికా మరదలా" అని రాశాడు. ఫొటో అయితే వెంటనే తీసేసింది గానీ, ఆ మాట మనసులోంచి తీసెయ్యటం ఆమె వల్ల కాలేదు.

"మాస్టారూ, బల్బు మార్చటం కూడా గర్వంగా చెప్పుకునే పనేనా? కాదంటే ఇప్పుడే చెప్పండి. రేపట్నుంచి మళ్లీ ఆ పరీక్షల పుస్తకాలే తీస్తాను," అని పొద్దున్నే అడిగింది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. షెడ్డు ముందు ఆగిన పాత తెల్ల కారు వైపు చూశారు. "ముందు దాని సంగతి చూడు," అన్నారు.

కారు నడుపుకుంటూ వచ్చింది ఇరవై ఏళ్ల అమ్మాయి, పేరు నీలవేణి. వెనక సీట్లో ఉన్నది వాళ్ల అమ్మా నాన్నా. "మావాళ్లిద్దరికీ వినపడదక్కా, మాట కూడా రాదు. చేతులతోనే మాట్లాడుకుంటారు," అని మొదలుపెట్టిందా పిల్ల. పటమటలో వాళ్లది టైలరింగ్ షాపు. పొద్దుటినించీ ఇద్దరి చేతులూ కుట్టుపనిలోనే ఉంటాయి. చేతులు ఖాళీ లేకపోతే వాళ్లకి మాటే లేదు. షాపు కట్టేసి గుడివాడలో ఇంటికి వెళ్లే గంటంబావు మాత్రమే చేతులు ఖాళీ. అప్పటికి చీకటి పడిపోతుంది. "లోపల లైటు వేస్తే అద్దంలో పడి నాకు రోడ్డు కనపడదు. ఆపేస్తే వాళ్ల మాట మధ్యలో తెగిపోతుంది. రోజూ ఇదే గొడవ. చివరికి మా నాన్న వెనకపక్క తనే లైటు పెడతానని కూచున్నాడు."

పెడదామని ఆయన చేసింది ఇదీ: ముందున్న పాత లైటు మూతని కత్తెర మొనతో పెకలించాడు. మొన ఎక్కడో తగిలి నిప్పురవ్వ లేచింది. అప్పట్నుంచి లోపల ఏదీ వెలగలేదు. లిఖిత కార్లోకి తొంగి చూసింది. ముందు సీట్లకి కాస్త వెనగ్గా, పైకప్పు గుడ్డ మీద టైలరు సుద్దతో కొలిచి గీసిన గీత ఉంది. గీతకి ఒక చివర గుడ్డని అంగుళం మేర కోసి, వైరు దూరటానికి చక్కగా కాజా కుట్టి పెట్టాడు. ఆమెకి నవ్వొచ్చింది. మాస్టారు నవ్వలేదు. ఆ కాజా మీద వేలు పెట్టి రెండుసార్లు నిమిరారు.

లిఖిత స్క్రూడ్రైవరు అందుకోబోతే నీలవేణి నాన్న గంగాధరం గారు తన గుండె మీద రెండుసార్లు తట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "తప్పెక్కడో చూపిస్తే చాలంట, చెయ్యి మాత్రం తనే పెడతాడంట," అంది నీలవేణి. పక్కనుంచి తల్లి చకచకా చేతులు తిప్పింది. నీలవేణి నవ్వు ఆపుకుంటూ, "పోయినేడు ఫ్యాను బాగుచేస్తానని విప్పి, ఎండాకాలమంతా విసనకర్ర చేతికిచ్చాడంటోంది అమ్మ," అని చెప్పింది.

"చెయ్యి ఆయనది, కన్ను నీది," అన్నారు మాస్టారు లిఖితతో.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. అదేమంత సులువు కాలేదు. తను చేస్తే పది నిమిషాలు పట్టే పని. ఫ్యూజుల డబ్బా చూపించింది. ఆయన కాలిన ఫ్యూజు లాగి కొత్తది పెట్టాడు. పాత లైటు వెలిగింది. దాన్నుంచే వైరు తీసి, తను కొన్న తెల్ల ఎల్‌ఈడీకి కలిపాడు. అది వెలగలేదు. ఆయన ముఖం వాడిపోయింది. కూతురి వైపు గానీ భార్య వైపు గానీ చూడలేకపోయాడు. అది కూడా కాలిపోయిందనుకున్నాడు. అలాంటి లైటుకి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఏమీ కాదు, చచ్చినట్టు ఊరుకుంటుంది, అంతే. ఈ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో లిఖితకి తెలియలేదు. వెనకనుంచి చెయ్యి తీసి, రెండు వేళ్లు నిలబెట్టి, అటుదిటు తిప్పి చూపించింది. ఆయన వైర్లు మార్చాడు. లైటు వెలిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "కప్పుకి సరిగ్గా మధ్యలో పెట్టించు నీలూ. వెలుతురు అన్నివైపులా సమానంగా పడుతుంది," అంది లిఖిత. గంగాధరం గారు తల అడ్డంగా ఊపి సుద్ద గీత చూపించాడు. ఆమె మళ్లీ మధ్యకే చూపించింది. చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అనుకున్నాడేమో, ఆయన గీత వదిలేసి మధ్యలో అతికించాడు.

మాస్టారి షెడ్డులో ఒక పద్ధతుంది. లోపలి లైటు ఏది మార్చినా, పట్టపగలైనా సరే షట్టర్ దించేసి, కారువాళ్లని వాళ్లు రోజూ కూచునే చోటే కూచోబెట్టి చూడాల్సిందే. ఆ రోజూ దించారు. చీకట్లో లైటు తెల్లగా వెలిగింది. స్టీరింగు దగ్గర కూచున్న నీలవేణి కళ్లు చికిలించి, "అద్దం నిండా లైటే, ఏమీ కనపడట్లేదు," అంది. వెనక తల్లి ఏదో చెప్పింది. తండ్రికి అందలేదు. మళ్లీ చెప్పింది. ఆయన చూపు భార్య చేతుల నుంచి ముఖానికి పోయి అక్కడే ఆగింది. నడినెత్తి మీద లైటుండటంతో ముఖమంతా నీడలో ఉంది.

"మా వాళ్ల మాటలో సగం ముఖంలోనే ఉంటుందక్కా," అని మెల్లగా చెప్పింది నీలవేణి.

లిఖిత వెనక డోరు తీసుకుని లోపలికి వంగి, సుద్ద గీత మీద వేలు పెట్టి, ఇక్కడే ఎందుకని కళ్లతో అడిగింది. ఈసారి నిజంగానే అడిగింది. గంగాధరం గారు మెడలో టేపు తీశాడు. భార్య నుదుటి నుంచి నడుము దాకా, చాచిన చేతి నుంచి చేతి దాకా కొలిచి చూపించాడు. వెలుతురు ఎదురుగా ఏటవాలుగా వచ్చి, ఆ కొలతలోనే పడాలి. జేబులోంచి మడత పెట్టిన నల్లగుడ్డ ముక్క తీసి గీతకి ముందు వేలాడదీసి పట్టుకున్నాడు. ఇక అద్దం మీద వెలుతురు పడదు. ఇదంతా ఆయన ముందే ఆలోచించుకుని వచ్చాడు. తెలియనిది కరెంటు ఒక్కటే.

ఆ ఒక్కటీ ఆమెకి వచ్చు. వైరు ఎటునుంచి తేవాలో, ఎక్కడ నలిగే ప్రమాదం ఉందో, స్విచ్చి భార్య చేతికి అందేలా ఎక్కడుండాలో చూపించింది. ఆయన కాజాలోంచి వైరు లాగాడు. అది కొలిచినట్టు సరిపోయింది, కొలిచిందే కదా. లైటు బిగించి, కాలరు మడతలోంచి సూది తీసి నల్లగుడ్డ కుట్టేశాడు.

షట్టర్ మళ్లీ దించారు. తల్లి స్విచ్చి వేసింది. ముందు అద్దం నల్లగా ఉండిపోయింది. వెనక మాత్రం రెండు ముఖాలు, నాలుగు చేతులు స్పష్టంగా కనపడ్డాయి. ఆవిడ చేతులు వెంటనే లేచాయి, ఇక ఆగలేదు.

"ఏమంటున్నారు?" అనడిగింది లిఖిత.

"పొద్దున ఎవరిదో జాకెట్టు చెయ్యి పొట్టిగా కుట్టాడంట. అప్పట్నుంచీ ఆ కోపం కడుపులోనే దాచుకుందంట. తిడుతోంది."

తిట్లన్నీ తిన్నాక గంగాధరం గారు లైటు వైపు చూసి గుండె మీద గట్టిగా తట్టుకున్నాడు. భార్య ఆ చెయ్యి లాగేసి లిఖితని చూపించింది. ఆయన ఒప్పుకున్నట్టు నవ్వి, రెండు వేళ్లు నిలబెట్టి అటుదిటు తిప్పాడు. ఆవిడా అలాగే తిప్పింది.

"నీకు పేరు పెట్టారక్కా," అంది నీలవేణి. "మావాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో సైగ పేరుగా పెట్టుకుంటారు. ఇక మా ఇంట్లో నీ పేరు ఇదే."

కారు వెళ్లిపోయింది. లిఖిత షట్టర్ పూర్తిగా ఎత్తి, ఎండలో నిలబడి, తన రెండు వేళ్ల వైపు కాసేపు చూసుకుంది. "మాస్టారూ, నిన్న తీసేసిన ఆ ఫొటో మళ్లీ పెడదామనుకుంటున్నా," అంది.

మాస్టారు ఆమె వేళ్ల వైపు చూసి, చేతులు తుడుచుకుంటూ, "అదెందుకు అమ్మాయ్," అన్నారు. "అది ఉత్త బల్బేగా."