యువరాణి కింది పళ్ళు

సింహగిరి రాజు కేతనవర్మకు ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది: కూతురు నవ్వితే ఆమె కింది పళ్ళు చూడాలని.

పదకొండేళ్ళ మలయవతికి పై పళ్ళు కింది వరసను పూర్తిగా కప్పేసేవి. కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకునేవి. అన్నం దగ్గర కూర్చుంటే ఏడుపు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం.

"పై పళ్ళకు బంగారు తీగ బిగించి పైకి లాగేద్దాం ప్రభూ," అన్నాడు ఆస్థాన వైద్యుడు సర్వేశ భట్టు.

తీగను చూడగానే పిల్ల వెళ్ళి రాణి వెనక దాక్కుంది.

రాజుకు తాంబూలం అందించే తిప్పన గొంతు సవరించుకున్నాడు. రోజూ వందమంది నమలడం చూసేవాడు మరి.

"తీగ వద్దు ప్రభూ. పై పళ్ళ వెనక చిన్న ఏనుగు దంతపు బిళ్ళ పెడదాం. కింది ముందు పళ్ళు దానికి ఆనుకుంటే దవడ పళ్ళ మధ్య సందు మిగులుతుంది. ఆ సందులోకి దవడ పళ్ళు పెరుగుతాయి. కింది వరస బయటపడుతుంది."

"ఆకులు చుట్టేవాడు పళ్ళు దిద్దుతాడట!" భట్టు ఎగతాళి చేశాడు. "నాదీ ఇదే పలువరస. ఇంకొకరి నోటిని నేను నమ్మను. ఏడాదిపాటు ఆ బిళ్ళ నేనే పెట్టుకుని తేలుస్తాను!"

"సరే," అన్నాడు రాజు. "బిళ్ళ ఓడిందా, అమ్మాయికి తీగ, తిప్పనకు ఊరి పొలిమేర."

తిప్పన రెండు బిళ్ళలు చెక్కించాడు. ఒకటి భట్టుకిచ్చాడు. రెండోది రహస్యంగా రాణిగారి చేతిలో పెట్టాడు.

ఏడాదంతా భట్టు బిళ్ళతోనే మాట్లాడాడు. ఆయన శ్లోకం చదివితే ఈల వేసినట్టుండేది. సభలో పెద్దలు దగ్గుతూ మొహాలు తిప్పుకునేవారు.

గడువు రోజున భట్టు నిండుసభలో నోరు తెరిచి చూపించాడు. "చూడండి ప్రభూ! వెంట్రుకవాసైనా తేడా లేదు. బిళ్ళ శుద్ధ దండగ!"

రాజు తిప్పన వైపు తిరిగాడు. "మూట సర్దుకున్నావా?"

"సర్దుకుంటాను ప్రభూ. ఒక్క మాట అడగనివ్వండి. భట్టుగారూ, ఈ ఏడాదిలో తమ చెప్పులు ఎన్నిసార్లు బిగుతయ్యాయి?"

"చెప్పులు బిగుతవడమేమిటయ్యా? నాకు యాభై ఎనిమిదేళ్ళు!"

తిప్పన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మరి పాదాలే పెరగడం మానేస్తే, దవడ పళ్ళు పెరుగుతాయా స్వామీ? నా బిళ్ళ చోటు మాత్రమే ఇస్తుంది. తమకు పెరిగే వయసు ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

సభ గొల్లుమంది. రాణి పక్కన కూర్చున్న మలయవతి పగలబడి నవ్వింది. ఆ నవ్వులో చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

రాజు సింహాసనం దిగి పరుగున వచ్చాడు. కింది పళ్ళు తెల్లగా, వరసగా కనబడుతున్నాయి!

"ఇదెప్పుడు జరిగిందమ్మా?"

"తిప్పన చెక్కించిన రెండో బిళ్ళ ఏడాదిగా అమ్మాయి నోట్లోనే ఉంది," అంది రాణి. "ఈలోగా మూడు జతల చెప్పులు మార్చాం!"

రాజు తన ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు. భట్టుకూ నవ్వాగలేదు. నోరంతా తెరిచి నవ్వాడు.

కింది పళ్ళు మాత్రం కనబడలేదు.