తోడొచ్చిన మనిషి

ఆ ఉదయం జూనియర్ డాక్టర్ ప్రణీత కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఆనకపోవడంలో తప్పూ లేదు, ఆమె పట్టుకున్నది అలాంటిలాంటి జబ్బు కాదు.

ఈరన్నది బేతంచెర్ల దగ్గర నాపరాయి గనిలో పని. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం తగిలి, గుండెలో ఒక కవాటం ముడుచుకుపోయింది. ఆ మాత్రం ఎవరైనా పట్టుకుంటారు. ఆ కవాటం చప్పుడు చాటున ఇంకో చప్పుడుందనీ, వంశపారంపర్యంగా వచ్చే అరుదైన జబ్బుతో గుండె కండరం కూడా మందమెక్కిందనీ కనిపెట్టింది మాత్రం ప్రణీతే. పెద్దపెద్దవాళ్ళే ఒకటి దొరకగానే చేతులు దులుపుకుంటారు.

గురువు జమాలుద్దీన్‌గారు ఈరన్న ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఆయన ఒక పట్టాన మెచ్చుకునే మనిషి కాదు.

"భేష్," అన్నారు. "నేనైతే ఒకదానితో సరిపెట్టుకునేవాణ్ణేమో."

మెప్పు ఇంకాస్త రాబట్టుకుందామని ప్రణీత, "ఏమైనా వదిలేశానా సార్?" అంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"అడిగాను సార్. గుండెజబ్బు ఎవరికీ లేదన్నాడు."

సార్ ఈరన్న వైపు తిరిగారు. "మీ నాయన ఎట్ల పోయినాడప్పా?"

"గాలి సోకి పోయినాడు సార్. బండెత్తి నిలబడినోడు నిలబడినట్టే కూలిపాయ."

ఆ ఊళ్ళలో అలాంటి చావుకు గాలి అనే పేరు. సార్ వార్డు బయటికి నడిచారు. ప్రణీత వెనకాలే వెళ్ళింది. అక్కడ బెంచీమీద ఈరన్న చెల్లెలు సుంకమ్మ అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"ఏమ్మా, ఒకసారి గొంతుక్కూర్చుని లేస్తావా?"

"నాకేం రోగం సార్? నేను తోడొచ్చినదాన్ని. సాయంత్రం బస్సుకు పోవల్ల. రేపట్నించి అన్న బదులు బండలు మోసేది నేనే."

అంటూనే గిన్నె పక్కనపెట్టి కూర్చుంది. సార్ ఆమెను ముట్టుకోలేదు. ప్రణీత మెళ్ళోని స్టెతస్కోపు వైపు చూశారు, అంతే.

ప్రణీత ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చుని విన్నది. ఏదో లీలగా వినిపించింది. సుంకమ్మ లేచి నిలబడింది. చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. ఈరన్న గుండెలో తాను కనిపెట్టిన, లేవగానే పెరిగే ఆ రెండో చప్పుడే.

ప్రణీత, సార్ ఏమైనా అంటారేమోనని చూసింది. ఆయన గోడకు చేరబడ్డారు.

ఆమె సుంకమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు బండల జోలికి పోవద్దు," అంది. "నీకు పిల్లలెంతమంది?"