అరవై మూడు మెట్ల ముద్ర

సముద్రానికి ఆమడ దూరంలో పొన్నవరమనే రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే రణధీరవర్మ మంచివాడే. కాకపోతే తన మంచితనం గురించి తానే పదిమందికీ చెప్పుకునే రకం.

ఒకసారి ఆయన పట్నమంతా దండోరా వేయించాడు. "అంగడి పెట్టే ప్రతివారూ రాజముద్ర పొందాలి. గుమ్మానికి మెట్లుంటే పక్కన వాలుబాట వేయాలి. నడవలేనివారూ, చూపు లేనివారూ, ముసలివారూ ఒకరి సాయం లేకుండా లోపలికి రాగలగాలి. అలా లేని అంగడికి ముద్ర లేదు. ముద్ర లేని అంగడి మూతే!"

జనం మెచ్చుకున్నారు. రాజు అంతకు రెట్టింపు మెచ్చుకున్నాడు, తనను తానే.

చిక్కల్లా ఒక్కటే. ముద్ర వేసే కచేరీని ఆయన కోట బురుజు మీద పెట్టించాడు. రాజముద్ర ఎత్తున ఉండాలని ఆయన పట్టుదల. పైకి వెళ్ళాలంటే అరవై మూడు మెట్లు, అదీ ఇద్దరు పక్కపక్కన పట్టని మెలికల దారి. "ముద్ర కోరినవారు తమ కాళ్ళతో తామే ఎక్కి రావాలి" అని శాసనం చివర ఒక మాట కూడా రాయించాడు.

ఆ పట్నంలో గురవమ్మ అనే ఆమె చేగోడీలు, జంతికలు వండి అమ్ముకునేది. చిన్ననాటి జబ్బుతో కాళ్ళు పడిపోయాయి. చక్రాల పీట మీద కూర్చుని చేతులతో తోసుకుంటూ తిరిగేది. తన పీట దొర్లాలి కాబట్టి ఆమె అంగడిలో ఎక్కడా గడపే లేదు. పట్నం మొత్తంలో రాజు శాసనానికి అంత చక్కగా సరిపోయిన అంగడి మరొకటి లేదు. ముద్ర లేనిది కూడా అదొక్కటే!

ఒకనాడు మరిది ఆమెను వీపున ఎక్కించుకుని మెట్లన్నీ ఎక్కాడు. ముద్రాధికారి శరభయ్య తలెత్తి చూసి, "ఎవరి కాళ్ళతో వచ్చావమ్మా?" అన్నాడు.

"మా మరిది కాళ్ళతోనండి."

"అయితే ముద్ర మీ మరిదికి వేస్తాను. ఆయనకు చేగోడీలు చుట్టడం వచ్చా?"

రాదు. వచ్చిన దారినే దిగిపోయారు. ఆ తర్వాత భటులు రెండుసార్లు వచ్చి ఆమె పొయ్యి పగలగొట్టి పోయారు. రెండోసారి గురవమ్మ మట్టి పెళ్ళలు ఏరుకుంటూ ఏడ్చింది. ఇంక మళ్ళీ పొయ్యి వేసే ఓపిక లేదు.

అప్పుడే చేగోడీల కోసం వచ్చిన సింగన్న ఆ సంగతి చూశాడు. సింగన్న రాజుగారి ఆస్థానంలో ఉండేవాడు. నోరు కాస్త చురుకు. మర్నాడే కొలువులో విన్నవించాడు.

"ప్రభూ, ముద్ర కచేరీని కిందికి దింపించండి. ఎక్కలేనివాళ్ళున్నారు."

రాజు మీసం సవరించుకున్నాడు. "శాసనం అంగళ్ళకు గానీ నా కచేరీకి కాదు సింగన్నా. చేగోడీలమ్మే ఒక్క మనిషి కోసం బురుజు దింపమంటావా? ఆ మెట్లు ఎక్కలేని ఒక్క గొప్పవాణ్ణి నా కళ్ళకు చూపించు, ఆ రోజే దింపిస్తాను!"

సభ ఘొల్లున నవ్వింది. సింగన్న వంగి దండం పెట్టాడు.

పది రోజులకు రాజుగారి జన్మనక్షత్రం వచ్చింది. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఆ రోజు పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా రాజు పాదం నేలను గానీ రాతిని గానీ తాకకూడదు. సింహాసనం నుంచి పల్లకీకి, పల్లకీ నుంచి పానుపుకు భటులు ఎత్తి చేర్చాల్సిందే.

పొద్దున్నే సింగన్న వచ్చి, "ప్రభూ, ఇలాంటి పుణ్యదినాన తమ చేత్తో స్వయంగా ఒక ముద్ర వేస్తే తరతరాలు చెప్పుకుంటారు. డప్పులూ బాకాలూ వద్దు. చెప్పకుండా వెళ్తే కచేరీ ఎలా నడుస్తున్నదీ కూడా తెలుస్తుంది" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. పల్లకీ కదిలింది.

బురుజు కింద మెట్ల మొదట్లో బోయీలు ఆగారు. పల్లకీని ఇటు తిప్పారు, అటు తిప్పారు, నిలువుగా లేపబోయారు. లోపల రాజు దిండుతో సహా దొర్లి, "ఓరి మీ దుంపతెగ! దించండి!" అని అరిచాడు. దించారు. రాజును వీపున మోసే మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. పక్కనే చక్రాల పీట మీద గురవమ్మ అర్జీ పట్టుకుని కూర్చుని ఉంది. రాజును చూసి గాభరాగా చేతులు జోడించింది.

సింగన్న పైనున్న కిటికీ వైపు చూసి కేకేశాడు. "శరభయ్యగారూ! ముద్ర పని మీద ఒకరొచ్చారు. మెట్లెక్కే వీలు లేదు. మీరే కాస్త దిగి వస్తారా?"

శరభయ్య తల బయట పెట్టనైనా పెట్టలేదు. "కాలు కదపలేనివాళ్ళకు ముద్రతో పనేముంది? ఇంట్లో పడి ఉండమను!"

"చాలా పెద్దమనిషండీ!"

"ఎంత పెద్దయినా రాజశాసనం కంటే పెద్దా? ఎక్కితే ఎక్కమను, లేకపోతే పొమ్మను!"

రాజు ముఖం కందగడ్డయింది. "ఎవరక్కడ! వాణ్ణి ఈడ్చుకురండి!"

"ఈడ్చేముందు ఒక్క మాట ప్రభూ," అన్నాడు సింగన్న మెల్లగా. "ఆయన చెప్పింది తమ శాసనంలో మాటే."

రాజు పల్లకీలోంచి మెడ సాచి ఆ మెట్ల వైపు చూశాడు. జీవితంలో అంత దగ్గర నుంచి వాటిని చూడడం అదే మొదలు.

గురవమ్మ బెరుగ్గానే అంది. "నేనూ రెండేళ్ళుగా ఇక్కడి నుంచే ఇలాగే చూస్తున్నానండి. కాసేపటికి మెడ నొప్పి పుడుతుంది. తమరికీ పుట్టిందా ప్రభూ?"

రాజు చెయ్యి అప్పటికే మెడ మీద ఉంది. తన చేతిని తానే చూసుకుని ఫక్కున నవ్వాడు. "సింగన్నా! గొప్పవాణ్ణి చూపించమంటే నన్నే చూపించావు కదరా!"

"నేనెక్కడ చూపించాను ప్రభూ? తమరే వేంచేశారు."

రాజు తానే గొంతెత్తి శరభయ్యను పిలిచాడు. ఆ గొంతు గుర్తుపట్టిన శరభయ్య పంచె సర్దుకుంటూ పరుగున దిగాడు. "ముద్ర ఏదీ?" అన్నాడు రాజు. కంగారులో మరిచాడు. ఎక్కి తెచ్చాడు. "సిరా?" మళ్ళీ ఎక్కాడు. "చిట్టా?" నాలుగోసారి దిగేసరికి ఆయన కింది మెట్టు మీద కూలబడి, "ప్రభూ, తమరు తప్పుగా అనుకోకపోతే... ఈ కచేరీ కిందికి మారిస్తే బాగుంటుందేమో!" అన్నాడు రొప్పుతూ.

బోయీలు కూడా నవ్వాపుకోలేకపోయారు. రాజు పల్లకీలోంచే వంగి గురవమ్మ అర్జీ చదివి, దాని మీద ముద్ర వేశాడు. పగలగొట్టిన పొయ్యిని భటులే తిరిగి కట్టివ్వాలన్నాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి సింగన్న చేతిలో పెట్టాడు.

అక్కడితో ఊరుకుంటే ఆయన రణధీరవర్మ ఎలా అవుతాడు? "రేపటి నుంచి కచేరీ సంత వీధిలో, నేల మీదే! ఈ సంగతి నా పేరుతో రాతి మీద చెక్కించి, ఊరంతా చూసేలా ఎత్తున నిలబెట్టించండి!" అన్నాడు.

"ఎత్తున వద్దు ప్రభూ," అన్నాడు సింగన్న. "పీట మీద కూర్చున్నవాళ్ళకు తమ పేరు కనబడొద్దూ?"

రాజు పల్లకీ అదిరేలా నవ్వి, వేలి ఉంగరం కూడా తీసి ఇచ్చాడు.