గట్టు మీది ముక్కుపలకరింపు

తుమ్మలకోన అడవికీ రైతుల వేరుశనగ చేలకూ మధ్య ఒక పొడవాటి గట్టు ఉండేది. అడవిలో జింకలు, నక్కలు, ఏదుపందులు తిరిగేవి. గట్టు మాత్రం అచ్చంగా కుందేళ్ళది. దాని నిండా బొరియలే. పొద్దు వాలగానే ముందు చెవులు బయటికి వచ్చేవి, వాటి వెనకే కుందేళ్ళు వచ్చేవి.

ఆ గట్టు మీద ఒక ఆచారం ఉంది. ముక్కుకు ముక్కు రాయనిదే ఎవరూ మేతకు వెళ్ళకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అందరూ ఆ బొరియలో దూరి, ఆనుకుని పడుకుని, వెచ్చగా ఉంచాలి.

"అదీ మన గట్టు మర్యాద!" అనేవాడు పెద్ద కుందేలు మీసాలయ్య. అతని మీసాలు బారెడు. గొప్పలు అంతకంటే పొడవు.

తంగేడు అనే తల్లి కుందేలు ఆ గట్టు మీదే ఉండేది. దాని పిల్లలు అప్పుడప్పుడే బొరియ దాటి గెంతడం నేర్చుకుంటున్నారు. అందరిలోకీ అల్లరిది గురివింద.

ఒక సాయంత్రం ఏటి అవతలి చేల నుంచి గోగు అనే కుందేలు తూలుతూ వచ్చాడు. కనురెప్పలు ఉబ్బిపోయాయి. ముక్కు కారుతోంది.

"మా చేలల్లో ఏదో జబ్బు దిగింది," అన్నాడు గోగు. "సగం బొరియలు ఖాళీ అయ్యాయి. నన్ను ఇక్కడ ఉండనిస్తారా?"

"ఉండనివ్వకేం!" మీసాలయ్య ఛాతీ విరుచుకున్నాడు. "మీరు తినేది ఎండుగడ్డి, మేం తినేది వేరుశనగ ఆకు. జబ్బు మా గట్టెక్కాలంటే నన్ను అడిగి ఎక్కాలి! రండర్రా, చుట్టానికి ముక్కు రాయండి!"

కుందేళ్ళన్నీ బిలబిలమంటూ వచ్చాయి. తంగేడు కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వరసలో నిలబడింది. దాని ముందు ముసలి ఉసిరమ్మ ఉంది.

ఉసిరమ్మ గోగుకు ముక్కు రాస్తుంటే తంగేడు చూసింది. గోగు చెవి మీద నల్లటి చుక్కలు! అవి కదులుతున్నాయి! ఒక చుక్క ఎగిరి ఉసిరమ్మ మెడ మీద పడింది. ఇంకొకటి ఎగిరింది. చుక్కలు కావవి, గెంతే పురుగులు!

గురివింద అప్పటికే ముక్కు చాపింది. తంగేడు ఒక్క దూకు దూకి, దాని మెడ పట్టి వెనక్కి లాగింది.

"అదేంటే, చుట్టానికి ముక్కు రాయవా?" అంది ఉసిరమ్మ.

"రాయనత్తా. అతని ఒంటి మీద పురుగులున్నాయి. నీ మీదికీ గెంతాయి, చూసుకో."

"పురుగు లేని కుందేలుంటుందా? పిల్లల్ని కన్నాక నీకు బాగా తలకెక్కింది!"

"పొగరు!" మీసాలయ్య మీసం దువ్వాడు. "మర్యాద తెలియనివాళ్ళకు ఈ గట్టు మీద చోటు లేదు."

"అలాగే మామా," అంది తంగేడు. పిల్లల్ని తోలుకుని చేను చివరన ఉన్న ఇసుకదిబ్బకు వెళ్ళి, కొత్త బొరియ తవ్వుకుంది.

కానీ దాని చూపు గట్టు మీదే ఉంది. గోగు ఎంతో కాలం బతకలేదు. అతన్ని ఆనుకుని పడుకున్న ఉసిరమ్మ పొద్దస్తమానం గోక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత దాని కళ్ళు ఉబ్బాయి. ఉసిరమ్మను వెచ్చగా ఉంచడానికి వెళ్ళినవాళ్ళు గోక్కున్నారు. వాళ్ళ కళ్ళూ ఉబ్బాయి.

తంగేడుకు సంగతి అర్థమైపోయింది. అది చేనుకు అడ్డంపడి పరుగెత్తింది. గట్టుకు కొంచెం దూరంలో ఆగి, గొంతు చించుకుని అరిచింది.

"ఆనుకుని పడుకోకండి! పురుగులు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి గెంతుతున్నాయి! జబ్బును అవే మోస్తున్నాయి! ముక్కులు రాయడం మానండి! రోగులకు మేత బొరియ బయట పెట్టండి!"

కొన్ని కుందేళ్ళు భయపడి దాని వెంట వచ్చాయి. తంగేడు వాళ్ళనూ వెంటనే దగ్గరికి రానివ్వలేదు. "ముందు ఎండిన ఇసుకలో పొర్లండి. విడివిడిగా గుంటలు తవ్వుకుని ఉండండి. దురదా వాపూ లేవని తేలాకే నా పిల్లల దగ్గరికి రండి," అంది. వాళ్ళు గొణుక్కున్నారు కానీ, ఆ మాట విన్నారు.

గట్టు మీద ఉసిరమ్మ చనిపోయింది. దాని బొరియ గట్టంతటికీ లోతైనది, మెత్తటి బొచ్చు పరిచినది. మీసాలయ్యకు ఎప్పటి నుంచో దాని మీద కన్ను.

"ఆ బొరియలో దూరకు మామా!" తంగేడు దూరం నుంచే కేకేసింది. "ఆ బొచ్చులో పురుగులు ఆకలిమీద ఉంటాయి!"

"పురుగుకు జడిస్తే నేను మీసాలయ్యనెలా అవుతానే?" అంటూ అతను లోపలికి దూరాడు. హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

కొన్నాళ్ళకు, ఎండ తగ్గే వేళ, ఇసుకదిబ్బ మీద పిల్లలు గెంతుతున్నారు. తంగేడు దూరంగా గరిక కొరుకుతోంది. అప్పుడు చేనులోంచి ఒక గంభీరమైన గొంతు వినిపించింది.

"రండర్రా! మీ పెద్ద వచ్చాడు! ముక్కు రాయండి!"

మీసాలయ్య! కళ్ళు ఉబ్బి సగం మూసుకుపోయాయి. ఒళ్ళంతా గోళ్ళ గీతలు. అయినా మీసం దువ్వుకుంటూ వస్తున్నాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది? పిలుపు వినగానే దిబ్బ మీది కుందేళ్ళన్నీ లేచాయి, అతని వైపు పరుగెత్తాయి. అందరికంటే ముందు గురివింద! "ఆగవే!" అని తంగేడు అరిచింది. ఎవరికీ వినపడలేదు. పట్టుకుందామంటే అందేంత దగ్గర లేదు. ఇంకో నాలుగు గెంతులు, అంతే!

తంగేడు వెనక కాళ్ళు ఎత్తి నేలను కొట్టింది. దబ్! దబ్! దబ్!

అది గద్ద వచ్చినప్పుడు కొట్టే దెబ్బ. ఆ చప్పుడు వింటే ఏ కుందేలూ ఎందుకని అడగదు. ఎక్కడివాళ్ళు అక్కడే వెనుదిరిగి బొరియల్లోకి దూకారు. రెప్పపాటులో దిబ్బ ఖాళీ అయింది. గురివింద తోక అన్నిటికంటే చివర లోపలికి పోయింది.

"గద్దేది? గద్దెక్కడ?" లోపలి నుంచి గొంతులు.

"గద్ద కాదు. జబ్బు," అంది తంగేడు. "ఎవరూ బయటికి రాకండి."

మీసాలయ్య మీసం దువ్వడం ఆపాడు. "నన్ను చూసి గద్ద దెబ్బ కొడతావా? నేను నీ మామనే!"

"మామవే. అందుకే రోజూ మేత తెచ్చిపెడతాను. అక్కడే ఆగు. ముక్కు మాత్రం రాయం."

"మరి ఒక్కడినే పడుకోవాలా? గట్టు మీద ఇంకెవరూ మిగల్లేదే!" ఈసారి గొంతులో గాంభీర్యం లేదు.

"ఒక్కడివే, మామా."

అతను తడుముకుంటూ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

తంగేడు అన్న మాట నిలబెట్టుకుంది. రోజూ లేత ఆకు తెచ్చి బొరియ ముందు పెట్టి, పిలిచి, దూరంగా జరిగేది. ఆకు అయిపోయేది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి నిన్నటి ఆకు పెట్టినచోటే వాడిపోయి ఉంది. ఎంత పిలిచినా పలుకు లేదు. తంగేడు వెనక్కి తిరిగి, కాళ్ళతో మట్టి ఎగజిమ్మి ఆ బొరియ మూసేసింది.

వానలు పడ్డాయి. చేలు పచ్చబడ్డాయి. ఇసుకదిబ్బ మీద ఒక్క కన్నూ ఉబ్బలేదు. సాయంత్రాలు కుందేళ్ళు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, చెవులు ఊపి పలకరించుకుని మేతకు వెళ్ళేవి. ఆ వానల్లోనే గురివింద తల్లి అయింది.

నీతి: జబ్బుకు చుట్టరికం తెలియదు. రోగిని ఆదుకోవాలి, కానీ జాగ్రత్తతో ఆదుకోవాలి. గొప్పలకు పోయి జాగ్రత్త విడిచినవాడు తాను చెడి, తనవాళ్ళనూ చెరుస్తాడు.